ఏడాదిన్నర బాబుకు హిమోగ్లోబిన్ 8.2: పాలు బాగానే తాగుతాడు, మరి రక్తం ఎందుకు తక్కువ?

పాలవాకిలి · పలమనేరు దగ్గర పల్లె

అందరికీ నమస్కారం. మా బాబుకు ఏడాదిన్నర, బరువు తొమ్మిది కిలోలు. పోయిన వారం టీకా వేయించడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే, కింది కనురెప్ప లాగి చూసి రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఇనుము తక్కువైందని సిరప్ రాశారు. మాకు అర్థం కానిది ఒకటే. ఇంట్లో రెండు పాడి ఆవులున్నాయి. వాడు రోజుకు లీటరు పాలు తాగుతాడు. రాత్రి సీసా నోట్లో ఉంటేనే నిద్రపోతాడు. బుగ్గలు చూస్తే బొద్దుగానే ఉంటాయి. అన్నం మాత్రం రెండు ముద్దలు దాటదు. ఇన్ని పాలు తాగే పిల్లవాడికి రక్తం ఎందుకు పట్టలేదు?

ఇంకో చిక్కు కూడా ఉంది. అంగన్‌వాడీ నుంచి వచ్చిన చిన్న సీసా ఒకటి, డాక్టరు రాస్తే మందుల షాపులో కొన్నది ఒకటి, ఇప్పుడు ఇంట్లో రెండు సీసాలున్నాయి. ఏది ఎంత పోయాలో తెలియడం లేదు. షాపు మందు రెండు రోజులు పోసేసరికి విరేచనం నల్లగా వచ్చింది. మా అత్తగారు భయపడిపోయి, మందు వేడి చేసింది, ఆపేయమన్నారు. బీట్‌రూట్ రసం, దానిమ్మ రసం పట్టిస్తే రక్తం దానంతట అదే వస్తుందంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పిల్లల డాక్టర్ · తిరుపతి

అమ్మా, చాలావరకు ఆ లీటరు పాలే కారణం. మన జిల్లాల్లో ఇది నేను తరచుగా చూసే విషయం. పాడి ఉన్న ఇంటి పిల్లలు బొద్దుగా, తెల్లగా, పాలిపోయి వస్తారు. ఆ తెలుపును చూసి ఇంట్లోవాళ్లు మంచి రంగు అనుకుంటారు.

ఆవు పాలలో కాల్షియం ఉంది, మాంసకృత్తులున్నాయి, ఇనుము మాత్రం లేనట్టే. లీటరు పాలలో రెండు మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాములు అందాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే మాంసకృత్తు మిగతా తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. పాలతో కడుపు నిండిన పిల్లవాడికి ఆకలి ఉండదు కాబట్టి పప్పు, ఆకుకూర లోపలికి పోవు. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా ఏడాదిలోపు వాళ్లలో, ఆవు పాల వల్ల పేగు లోపలి పొర దెబ్బతిని కంటికి కనబడనంత కొద్దికొద్దిగా రక్తం విరేచనంలో పోతుంది కూడా. ఏడాది నిండేదాకా తల్లిపాల స్థానంలో ఆవు పాలు పోయవద్దనేది ఇందుకే.

బిడ్డ కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లో తల్లి నుంచి ఇనుమును దాచుకుని పుడుతుంది. ఆ నిల్వ ఆరు నెలల వరకు ఆదుకుంటుంది. తల్లిపాలలోనూ ఇనుము తక్కువే, కానీ అందులో సగం దాకా ఒంటికి పడుతుంది. ఆరు నెలలు దాటాక మాత్రం తిండిలోంచి రావలసిందే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు, తల్లికే రక్తం తక్కువున్నప్పుడు ఆ నిల్వ ఇంకా ముందే అయిపోతుంది. కాన్పు కాగానే బొడ్డుతాడును వెంటనే కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమనడం వెనుక కారణం కూడా ఇదే. ఆ కాస్త సమయంలో బిడ్డకు చేరే రక్తం నెలల తరబడి పనికొస్తుంది.

ఇక మీ రెండు సీసాల సంగతి. అంగన్‌వాడీ సీసా నివారణ కోసం. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ, రక్తహీనత ఉన్నా లేకపోయినా, వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. ఆ ఒక్క మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మీ బాబుకు ఇప్పుడు కావలసింది నివారణ కాదు, వైద్యం. వైద్యానికి కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ప్రతిరోజూ ఇవ్వాలి. తొమ్మిది కిలోలకు దాదాపు 27 మిల్లీగ్రాములు. షాపు సిరప్‌లు అన్నీ ఒకలాంటివి కావు. ఒకదానిలో ఐదు మిల్లీలీటర్లకు ఉన్నంత ఇనుము ఇంకొకదానిలో ఒక్క మిల్లీలీటరులోనే ఉంటుంది. అందుకే చెంచా లెక్క వద్దు. సీసా మీద ఎలిమెంటల్ ఐరన్ (అంటే మందులోని అసలు ఇనుము) అని ఉన్న అంకె చూపించి, ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు చేతనే కాగితం మీద రాయించుకోండి. వైద్యం నడుస్తున్నంత కాలం అంగన్‌వాడీ సీసా పక్కన పెట్టండి, రెండూ కలిపి పోయవద్దు.

మందు పనిచేస్తుంటే నెలలో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరుగుతుంది. అంతకంటే ముందే పిల్లవాడి చిరాకు తగ్గి ఆకలి మొదలవుతుంది. అంకె 11 దాటగానే ఆపేయడం మన దగ్గర బాగా అలవాటు. అలా చేస్తే రక్తం నిండుతుంది కానీ నిల్వ నిండదు. ఇంకో రెండు మూడు నెలలు కొనసాగించాలి.

అంగన్‌వాడీ అక్క · కుప్పం వైపు

పాలవాకిలి చెల్లెమ్మా, నల్ల విరేచనానికి భయపడవద్దు. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము బయటికి పోయే రంగు అది. మా కేంద్రం పరిధిలో సీసాలు అటక ఎక్కడానికి మొదటి కారణం ఈ నలుపే. మీ అత్తగారికి ముందే చెప్పి ఉంటే ఆమె కూడా భయపడేవారు కాదు. నేను ఇప్పుడు సీసా చేతికిచ్చేటప్పుడు ఇంట్లో పెద్దావిడను కూడా కూర్చోబెట్టి ఈ మాట చెబుతున్నాను. ఉత్త నలుపే కాకుండా జిగటగా, తారులా, ఎప్పుడూ లేని దుర్వాసనతో వస్తే అది వేరే సంగతి, అప్పుడు డాక్టరుకు చూపించండి.

ఎలా పోయాలో చెబుతాను. అన్నం తిన్న గంట తర్వాత పోయండి. పాలు తాగిన వెంటనే వద్దు, మందు పోసిన వెంటనే కూడా పాలు వద్దు, కనీసం గంటన్నర ఎడం ఉంచండి. పిల్లవాడిని ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, బుగ్గ లోపలి వైపు నాలుక వెనక భాగానికి చేరేలా కొద్దికొద్దిగా వదలండి. ముందు పళ్ల మీద పడితే నల్లటి మరక పడుతుంది. తర్వాత రెండు గుక్కల నీళ్లు తాగించి, తడి గుడ్డతో పళ్లు తుడిస్తే సరిపోతుంది. కొద్దిగా నిమ్మరసం కలిపిన నీళ్లయితే ఇంకా మంచిది. వాంతి చేసుకుంటే మర్నాడు ఇంకాస్త నిండు కడుపు మీద ఇచ్చి చూడండి. జ్వరంగా ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి.

పాలు ఒక్కసారిగా మాన్పిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తాడు. ముందు రాత్రి సీసా తీసేయండి. గ్లాసులో పోసి ఇవ్వండి. గ్లాసుతో తాగే పిల్లవాడు సీసాతో తాగినన్ని తాగడు. పొద్దున లేవగానే పాలు ఇవ్వకుండా తిండి పెట్టి, ఆ తర్వాత ఇవ్వండి. రోజు మొత్తానికి అర లీటరు దాటనివ్వకండి.

రాగిచేను · పుంగనూరు

డాక్టరు గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా తాతలు, తండ్రులు ఏ సిరప్ తాగారు? సంగటి తిన్నారు, కొండలెక్కారు, మడకలు దున్నారు. రాగిలో ఇనుము నిండుగా ఉందని అందరూ చెబుతారు కదా. మన ఊళ్లో పండే పంట వదిలేసి సీసాల వెంట పడటం నాకు బాధగా ఉంది. పల్లెల్లో ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. రాగి చల్లేవాళ్లు కూడా తగ్గిపోయారు.

పచ్చనాకు · తిరుపతి, హోమ్‌సైన్స్ విద్యార్థిని

రాగిచేను అన్నా, తెల్లన్నం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రాగిలో దాదాపు నాలుగున్నర ఉంటుంది. కానీ ఏడాదిన్నర పిల్లవాడు పూటకు ఎంత తింటాడు? 30 గ్రాముల పిండితో చేసిన సంగటి తిన్నా లోపలికి పోయేది ఒకటిన్నర మిల్లీగ్రాములు. అందులో కూడా చాలా భాగం ఒంటికి పట్టదు. రాగి పొట్టులో ఫైటేట్లు, టానిన్లు ఉన్నాయి, కాల్షియం కూడా ఎక్కువ, ఇవి మూడూ ఇనుమును పట్టి ఉంచుతాయి. మీ తాతగారు ఒక పూటకు తినే సంగటి ముద్దలు, దాంతో పాటు నంజుకున్న ఆకుకూర పులుసు, ఆ లెక్క వేరు. పసివాడి పొట్ట గుప్పెడంత.

అంటే రాగి వద్దని కాదు. దాన్ని పసివాళ్లకు పనికొచ్చేలా చేయాలి. మొలకెత్తిస్తే ఫైటేట్లు బాగా తగ్గుతాయి. రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి గుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. తెల్లటి మొలక కనబడగానే నీడలో ఆరబెట్టి, మొలకలు నలిపి తీసేసి, సన్నని సెగ మీద దోరగా వేయించి పిండి పట్టించండి. పిల్లలకైతే పలచటి గుడ్డలో జల్లించండి. ఇందులో పాలు పోసి కాస్తే మళ్లీ కథ మొదటికి వస్తుంది, నీళ్లతోనే కాచి కాస్త బెల్లం వేయండి. జావతో పాటు జామ ముక్కో, ఉసిరి రసమో, సగం టమాటానో ఇస్తే గింజల్లోని ఇనుము రెండు మూడు రెట్లు ఎక్కువగా పట్టే అవకాశం ఉంది. మదనపల్లె టమాటా, మన జామ తోటలు ఉండగా ఇది ఖర్చు లేని పని.

పాలవాకిలి గారూ, బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం ఇస్తుందని అనుకుంటారు కానీ ఆ ఎరుపు వేరే రంగు పదార్థం. బీట్‌రూట్‌లో, దానిమ్మలో ఇనుము 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము లోపే. ఆ డబ్బుతో వారానికి రెండుసార్లు కోడి కార్జం కొనండి. 100 గ్రాముల కార్జంలో సుమారు 9 మిల్లీగ్రాములుంటుంది. మాంసం నుంచి వచ్చే ఇనుములో దాదాపు నాలుగో వంతు ఒంటికి పడుతుంది. గింజలు, ఆకుల నుంచి వచ్చేదాంట్లో చాలావరకు పదో వంతు కూడా పట్టదు. మెత్తగా ఉడికించి, చేత్తో నలిపి, అన్నంలో ఒక చెంచాడు కలిపితే చాలు. ఇందులో విటమిన్ ఏ ఎక్కువ కాబట్టి రోజూ మాత్రం వద్దు. గుడ్డు పెట్టండి, మాంసకృత్తులకు చాలా మంచిది, కానీ ఇనుము కోసం గుడ్డు మీద ఆధారపడవద్దు. అందులోని ఇనుము అంతగా పట్టదు.

చిత్తూరు పెద్దమ్మ

నాకు డెబ్బై దాటాయి. మనవరాలు టైపు చేస్తోంది.

ఆ రోజుల్లో సంగటి తిని అందరూ గట్టిగా ఉన్నారని రాగిచేను నాయనా అన్నావు. గట్టిగా ఉన్నవాళ్లే మిగిలారు కాబట్టి అలా కనిపిస్తుంది. మా అత్తకు తొమ్మిది కాన్పులైతే ఐదుగురే మిగిలారు. పిల్లలు ఎందుకు పోయారో ఎవరికీ తెలిసేది కాదు. వాడిపోయాడు అనేవాళ్లు, అంతే. కాబట్టి ఆ కాలాన్ని మరీ పొగడవద్దు.

కానీ ఆ కాలంలో ఉన్న మంచి రెండు మూడు చెబుతాను, రాసుకోండి. రాగి పిండిని రాత్రే నీళ్లలో కలిపి మట్టి కుండలో పెట్టేవాళ్లం. తెల్లారేసరికి పులిసేది. పొద్దున నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి అంబలి కాచేవాళ్లం. పసివాళ్లకు పై తేటలో కాస్త ఉప్పు వేసి పట్టేవాళ్లం. కూర, పులుసు అన్నీ ఇనుప మూకుడులోనే. చింతపండు పులుసు ఇనుప మూకుడులో ఉడికితే కాస్త నల్లబడుతుంది, ఆ నలుపు ఇనుమే. వండగానే వేరే గిన్నెలోకి తీసేయాలి, రాత్రంతా అందులోనే ఉంచితే కనరు వాసన వస్తుంది. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా అంటుకోని పెనాలు, అల్యూమినియం గిన్నెలే. మా మూకుడు పాత ఇనుముల వాడికి పోతుంటే నేనే అడ్డుపడి దాచాను.

పొలం గట్ల మీద చెంచలాకు, పొన్నగంటి, తోటకూర ఊరికే దొరికేవి. మునగాకు పెరట్లోనే. ఇప్పుడు మునగచెట్టు ఉన్న ఇంట్లో కూడా కాయలు కోసి ఆకు వదిలేస్తున్నారు. ఉలవలు ఆవులకు ఉడకబెట్టి, ఆ నీళ్లతో మనం చారు కాచుకునేవాళ్లం. పసివాళ్లకు ఆ చారులో అన్నం మెత్తగా పిసికి పెట్టేదాన్ని.

పచ్చనాకు · తిరుపతి

పెద్దమ్మా, పులియబెట్టినా ఫైటేట్లు తగ్గుతాయి. అంబలికి ఇప్పుడు చెప్పే శాస్త్రం అదే. పుల్లటి కూర ఇనుప పాత్రలో వండితే ఇనుము పెరుగుతుందనీ పరిశోధనల్లో తేలింది. ఉలవల్లో 100 గ్రాములకు 8 మిల్లీగ్రాములకు పైనే ఉంది. చారు నీళ్లతో పాటు ఉడికిన గింజను కూడా మెత్తగా రుబ్బి పెడితే ఇంకా మేలు.

బస్టాండుమలుపు · పీలేరు

టీ పరవాలేదా? మా వీధిలో రెండేళ్ల పిల్లలకు కూడా పొద్దునే టీలో బిస్కెట్ ముంచి పెడతారు. అదే టిఫిన్.

అంగన్‌వాడీ అక్క · కుప్పం వైపు

పరవాలేదనుకోవద్దు. నాకు పాల కంటే ఎక్కువ కోపం తెప్పించేది ఈ టీ బిస్కెట్టే. టీలోని టానిన్ ఇనుమును పట్టేస్తుంది. బిస్కెట్‌లో మైదా, చక్కెర. కూలికి పొద్దునే ఆరు గంటలకు వెళ్లే తల్లికి వండే సమయం ఉండదు, ఆమెను తప్పుపట్టడం లేదు. అందుకే మేము బాలామృతం పిండి ఇస్తున్నాం. వేడి నీళ్లు పోసి కలిపితే రెండు నిమిషాల పని. అది కూడా లేకపోతే రాత్రి అన్నంలో పప్పు కలిపి మెదిపి పెట్టండి. టీ మాత్రం ఐదేళ్ల లోపు పిల్లల దగ్గరికే రానివ్వకండి.

గాజుపలక · చిత్తూరు, ల్యాబ్ టెక్నీషియన్

పరీక్ష గురించి ఒక మాట. వేలికి సూది గుచ్చి తీసే రక్తంలో తేడాలు బాగా వస్తాయి. పిల్లవాడు ఏడుస్తుంటాడు, చేయి చల్లగా ఉంటుంది, చుక్క రాదు. అప్పుడు వేలిని పిండుతారు. పిండితే రక్తంతో పాటు కణజాలంలోని నీరు కూడా వస్తుంది, అంకె తగ్గిపోతుంది. సరిగా చేయాలంటే చేతిని రుద్ది వేడి చేసి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాత దానంతట అదే ఉబికి వచ్చిన చుక్క తీసుకోవాలి. వైద్యం మొదలుపెట్టే ముందు ఒకసారి నరం నుంచి రక్తం తీసి పూర్తి రక్తకణాల పరీక్ష చేయించడం మంచిది. అందులో ఎర్రకణం సైజు తెలుస్తుంది. ఇనుము లోపమైతే కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. విటమిన్ బి12 లోపమైతే పెద్దవిగా ఉంటాయి. రెండూ కలిసి ఉంటే ఒకదాన్ని ఒకటి దాచేస్తాయి.

ఐదేళ్ల లోపు పిల్లలకు 11 కంటే తక్కువైతే రక్తహీనత అని ఇన్నాళ్లూ చెప్పుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో దీన్ని సవరించి రెండేళ్ల లోపు వాళ్లకు 10.5 చేసింది. ఏ లెక్కన చూసినా 8.2 తక్కువే. 7 కంటే తగ్గితే ఆస్పత్రిలో చేర్చాలి.

బడిపలక · గంగాధర నెల్లూరు వైపు, ఉపాధ్యాయుడు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 2015-16లో 58.6 శాతం ఉంటే 2019-21లో 63.2 శాతానికి పెరిగింది. ఇన్ని పథకాలు ఉండగా పెరగడం ఏమిటని నాకు నిద్ర పట్టదు. నా తరగతిలో ఒక అమ్మాయి బలపాలు తినేస్తుంది. పలక మీద రాయడానికి ఇచ్చిన బలపం మధ్యాహ్నానికి ఉండదు. పెదవుల మూలల్లో తెల్లటి పొడి ఉంటుంది. ఇంకో పిల్లవాడు బియ్యం జేబులో తెచ్చుకుని నములుతాడు. మొదట తిట్టేవాళ్లు, కొట్టేవాళ్లు ఇంట్లో. ఇది దురలవాటు కాదు, చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు అని మా ఆరోగ్య కార్యకర్త చెప్పాక పరీక్ష చేయించాం. ఇద్దరికీ తక్కువే ఉంది. మట్టి తినే పిల్లలకు నులిపురుగులు కూడా చేరతాయి, మట్టిలో కాళ్లకు చెప్పులు లేకుండా తిరిగితే కొంకి పురుగులు పాదాల చర్మం గుండా లోపలికి వెళ్లి పేగుల్లో రక్తం పీలుస్తాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల అందుకే. రెండేళ్లు దాటినవాళ్లకు పూర్తి బిళ్ల, ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకు సగం, పొడి చేసి.

ఇంకొక బాధ. రేషన్ బియ్యంలో, మధ్యాహ్న భోజనం బియ్యంలో కలుపుతూ వచ్చిన బలవర్ధక గింజలను మా ఊరి తల్లులు ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. నీళ్లలో తేలుతాయని అనుమానం. అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో తయారుచేసినవి. నూరు గింజలకు ఒకటి చొప్పున ఉంటాయి. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉండాలని నిబంధన. తేలే ఆ నాలుగు గింజల్లోనే ఆ పూట ఇనుమంతా ఉంది, వాటినే పారేస్తున్నారు! తల్లిదండ్రుల సమావేశంలో నేను ఆ గింజలు చేతిలో పోసుకుని, నమిలి చూపించాను.

గాజుపలక · చిత్తూరు

సార్, ఆ సర్వే వేలి రక్తంతో చేసింది. కేంద్రం 2016-18లో నరం నుంచి రక్తం తీసి చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశం మొత్తం మీద ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతం తేలింది, ఇనుము లోపం 32 శాతం. దాదాపు అదే కాలంలో కుటుంబ ఆరోగ్య సర్వే దేశానికి చెప్పింది 58.6 శాతం. కాబట్టి ఆ పెరుగుదలలో ఎంత నిజమో ఎంత కొలతల తేడానో చెప్పలేం. అయినా ఐదుగురిలో ఇద్దరన్నది చిన్న విషయం కాదు. ఇనుము లోపం లేని రక్తహీనత కూడా బోలెడు ఉందనేది ఇందులో గమనించాల్సిన సంగతి.

పిల్లల డాక్టర్ · తిరుపతి

అందుకే నెల రోజులు మందు సరిగా పోశాక కూడా అంకె కదలకపోతే ఇంకో సీసా రాయించుకోవడం కాదు, కారణం వెతకాలి. మొదట అడగవలసింది మందు నిజంగా లోపలికి పోయిందా అని. పోయి ఉంటే బి12, నులిపురుగులు, తలసీమియా లక్షణం (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తలోపం) వంటివి చూడాలి. ఇనుము లోపం హిమోగ్లోబిన్ తగ్గకముందే మొదలవుతుంది. ముందు నిల్వలు అడుగంటుతాయి, ఆఖరికి రక్తం అంకె పడిపోతుంది. మెదడు పెరిగే మొదటి రెండేళ్లలో ఇది జరిగితే చురుకుదనం, ధ్యాస దెబ్బతింటాయి, రక్తం నిండాక కూడా కొందరిలో ఆ లోటు పూర్తిగా పూడదు. ఆలస్యం చేయవద్దని పదేపదే అనేది ఇందుకే.

పాలవాకిలి · పలమనేరు దగ్గర పల్లె

అందరికీ కృతజ్ఞతలు. అక్క చెప్పినట్టు సీసా తీసేసి గ్లాసు మొదలుపెట్టాం. ఇంకొకటి అడగాలి. అడిగింది ఇవ్వకపోతే వాడు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగపట్టేస్తాడు. పెదవులు నీలంగా మారి, ఒళ్లు బిగుసుకుని, క్షణం పాటు స్పృహ తప్పినట్టు అయిపోతాడు. తర్వాత మామూలే. గాలి సోకిందని ఊళ్లో తాయెత్తు కట్టించారు. దీనికీ రక్తానికీ ఏమైనా సంబంధం ఉందా?

పిల్లల డాక్టర్ · తిరుపతి

ఉంది, అడిగి మంచి పని చేశారు. ఏడుపులో ఊపిరి బిగపట్టే పిల్లల్లో చాలామందికి ఇనుము తక్కువ ఉంటుంది. మందు వాడితే ఈ బిగుసుకుపోవడం కూడా తగ్గుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది కానీ ప్రాణానికి ముప్పు లేదు. ఆ సమయంలో పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో వేలు పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు, కుదపవద్దు. ఏడుపు లేకుండానే అలా జరిగినా, నిమిషం దాటినా, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ చాలాసేపు ఉన్నా అది ఫిట్స్ కావచ్చు, వెంటనే చూపించండి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, మందు మానకండి.

కొండకింద · తిరుపతి

మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. పాపకు పదకొండు నెలలు. ఏమి పెట్టాలి?

పచ్చనాకు · తిరుపతి

పెసలు, ఉలవలు, శనగలు నానబెట్టి మొలకెత్తించి, ఉడికించి, పొట్టు తీసి రుబ్బండి. తోటకూర లేదా మునగాకు లేత ఆకు పప్పుతో పాటే ఉడికించి మెదపండి, దించాక నిమ్మరసం పిండండి, మంట మీద ఉండగా పిండితే విటమిన్ సి పోతుంది. వేయించిన నువ్వుల పొడి, వేరుశనగ మెత్తటి పొడి అర చెంచా కలపండి, గింజ మాత్రం గింజగా పెట్టవద్దు, గొంతులో అడ్డుపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, శాకాహార ఇళ్లలో వారానికి రెండుసార్ల సిరప్ ఒక్క విడత కూడా తప్పకూడదు. పాపకు పాలిచ్చే మీరు కూడా బి12 పరీక్ష చేయించుకోండి.

పిల్లల డాక్టర్ · తిరుపతి

ఈ చర్చ చదువుతున్న ప్రతి ఒక్కరికీ ఒక హెచ్చరిక. గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలు చూడటానికి చాక్లెట్ బిళ్లల్లా ఉంటాయి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. పసివాడు పది మాత్రలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మొదట వాంతులు, విరేచనాలు అయి తగ్గినట్టే కనబడుతుంది, ఆ తర్వాత కాలేయం, గుండె దెబ్బతింటాయి. తగ్గిందని ఇంట్లో ఉంచుకోవద్దు. ఖాళీ అట్టను కూడా వెంట తీసుకుని పెద్దాస్పత్రికి పరుగెత్తండి. మాత్రలు దిండు కింద, కిటికీ గూట్లో పెట్టే అలవాటు మానండి. బీరువాలో, తాళం వేసి.

స్వర్ణముఖి ఒడ్డు · శ్రీకాళహస్తి

ఇక్కడ ఇన్ని మంచి మాటలు చదివాను. నా బాధ వేరు. మా వైపు యానాది కుటుంబాలు ఇటుక బట్టీల్లో పనికి వెళ్తాయి. పనులున్న నెలలన్నీ పిల్లలు బట్టీ దగ్గరే. ఆవు లేదు, పాల సమస్యే లేదు. అక్కడ దొరికేది అన్నం, పచ్చడి. చేపలు దొరికిన రోజు ఆ పిల్లలు బాగా తింటారు, దొరకని రోజులు ఎక్కువ. ఊళ్లో పేరున్న అంగన్‌వాడీలో వాళ్ల సీసా అలాగే ఉండిపోతుంది, బట్టీ దగ్గర అంగన్‌వాడీలో వాళ్ల పేరు ఉండదు. సర్వే వచ్చిన రోజు తలుపు వేసి ఉంటుంది కాబట్టి వాళ్లు ఏ లెక్కలోకీ రారు. నిన్న నేను చూసిన మూడేళ్ల పాప అరచేతులు కాగితంలా తెల్లగా ఉన్నాయి. వీళ్లకు ఎలా అందించాలి?

అంగన్‌వాడీ అక్క · కుప్పం వైపు

అన్నా, ఊరు మారిన పిల్లలను ఏ అంగన్‌వాడీ అయినా చేర్చుకోవాలి. పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీ యాప్‌లో పాత కేంద్రం నుంచి కొత్త కేంద్రానికి మార్చుకునే వీలుంది. తల్లి ఆధార్ నంబరు, తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటే పని సులువు. కార్డు పోయిందంటే కూడా వెనక్కి పంపవద్దని బట్టీ దగ్గర ఉన్న టీచరుతో గట్టిగా మాట్లాడండి. పనికి బయలుదేరే ముందే ఆశా కార్యకర్త దగ్గర సీసా తీసుకుని మూటలో పెట్టించండి. 50 మిల్లీలీటర్ల సీసా వారానికి రెండుసార్ల లెక్కన దాదాపు ఆరు నెలలు వస్తుంది. అంటే పనుల కాలమంతా ఒక్క సీసా చాలు. ఒత్తితే ఒక మిల్లీలీటరే వచ్చే మూత ఉంటుంది కాబట్టి చదువు రాని తల్లి కూడా కొలత తప్పదు. బుధవారం, శనివారం అని గుర్తు చెప్పండి.

పిల్లల డాక్టర్ · తిరుపతి

అరచేతులు అంత తెల్లగా ఉన్నాయంటే ఆ పాపకు నివారణ సీసా సరిపోదు. రేపే ఆస్పత్రికి తీసుకురండి. ఆయాసం ఉందా, పాదాలు వాచాయా చూడండి, ఉంటే ఈ రాత్రికే.

స్వర్ణముఖి ఒడ్డు · శ్రీకాళహస్తి

ఆయాసం ఉంది డాక్టరు గారూ. 108కి ఫోను చేస్తున్నాను.